తుంటి నుండి కుడి తొడ మీదుగా మోకాలు వెళ్ళు నొప్పి

మా పెద్దమ్మకు ఏ విషయాన్నయినా ప్రకటించకుండా ఉండడం చేతకాదు. చెప్పడం వేరు, ప్రకటించడం వేరు. మనందరం చెబుతాం, ఆవిడ ప్రకటిస్తుంది. ముందు దగ్గర్లో ఉన్న వస్తువు మీద, అది గాజు గ్లాసు కావచ్చు, కిటికీ ఊచ కావచ్చు, పెదనాన్న బట్టతల కావచ్చు, వేలితో రెండుసార్లు టక్ టక్ మని కొడుతుంది. గొంతు సవరించుకుంటుంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటుంది. ఆ తర్వాత వచ్చేది పాలు పొంగిపోయాయన్న వార్తయినా సరే, విన్నవాడు సంచీ పట్టుకుని లేచి నిలబడాల్సిందే.

ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు మా ఊరి బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చున్న మనిషి. ఊళ్ళో సగంమంది ఆవిడ ముఖం ఎరగరు గాని గొంతు ఎరగని వాళ్ళు లేరు. మా వీధివాళ్ళు ఆవిడకు పెట్టిన పేరు మైకమ్మ. పదవీ విరమణ చేసి ఆరేళ్ళయింది. ఆవిడ చేసింది, గొంతు చెయ్యలేదు.

పెదనాన్న అదే స్టేషన్‌లో బస్సు డ్రైవరు. ఆయనా రిటైరయ్యాడు. ఆయన స్నానానికి బయల్దేరితే ఇంట్లో ఇలా వినబడుతుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పడకగది నుండి వరండా మీదుగా స్నానాలగది వెళ్ళు పెదనాన్నగారు, తువ్వాలు మరిచిపోయిన కారణంగా ఐదు నిమిషాలు ఆలస్యంగా నడుచుచున్నారు."

పెదనాన్న చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతాడు. చలిగాలికని అందరికీ చెబుతాడు. ఎండాకాలంలో కూడా ఆయనకు చలిగాలే.

మేము పక్క వాటాలోనే ఉంటాం, అమ్మా నేనూ. అమ్మ పెద్దమ్మకు చెల్లెలు. ఇద్దరి మధ్యా ఒక గోడ, ఆ గోడకు ఒక కిటికీ. కిటికీకి అటువైపు పెద్దమ్మ కుర్చీ, ఇటువైపు అమ్మ కుట్టు మిషను. నేను బజారులో కళ్ళద్దాల షాపు నడుపుతాను. దూరంగా ఉన్నవి, దగ్గరగా ఉన్నవి జనానికి స్పష్టంగా కనబడేలా చేయడం నా వృత్తి. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో నా పరువు పోతుంది.

ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే గాని, దేవుడు మాటలన్నీ అక్కకే ఇచ్చేసి చెల్లెలి వంతు వచ్చేసరికి ఖాళీ సంచీ దులిపినట్టున్నాడు. అమ్మ నోట వచ్చేవి రెండే మాటలు. "నాకేం లేదు" ఒకటి, "ఊరికే" ఒకటి. ఒకసారి మిషను సూది అమ్మ వేలిలోంచి దూసుకుపోయింది. పట్టకారుతో సూది లాగేసి, వేలికి గుడ్డపేలిక చుట్టి, మిగిలిన నాలుగు స్కూలు చొక్కాలూ కుట్టేసి లేచింది. మర్నాడు నేను చూసి అడిగాను.

"వేలికి ఆ గుడ్డేమిటమ్మా?"

"ఊరికే."

అదే పెద్దమ్మ అయితే? ఆరేళ్ళ క్రితం, ఉద్యోగం మానిన మూడో నెలలో ఆవిడ వరండా మెట్ల మీద జారిపడింది. మేం పరుగెత్తుకెళ్ళేసరికి మూడో మెట్టు మీద కూర్చుని, వంకరపోయిన ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, కుడి చేత్తో కటకటాల మీద టక్ టక్ మని కొడుతోంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఎడమ మణికట్టు వద్ద మార్గం దెబ్బతిన్నందున వేళ్ళ వైపు వెళ్ళు సర్వీసులన్నీ తాత్కాలికంగా నిలిపివేయడమైనది. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

"పెద్దమ్మా, బాగా నొప్పిగా ఉందా?"

"ఇప్పుడే చెప్పాను కదే! మళ్ళీ చెప్పాలా? మైకు దగ్గర ఉన్నవాళ్ళు శ్రద్ధగా వినాలి."

చేతికి కట్టు కట్టిన ఎముకల డాక్టరమ్మ, అంత చిన్న జారుడుకే విరిగిందేమిటని పరీక్ష చేయించింది. ఎముకలు గుల్లబారాయని తేలింది. అక్కకు ఉంటే చెల్లెలికీ చూద్దామంది. చెల్లెలివీ అంతే. ఇద్దరికీ ఒకే మాత్ర రాసింది. వారానికి ఒకటి, పొద్దున్నే పరగడుపున, పెద్ద గ్లాసుడు మంచినీళ్ళతో. వేసుకున్నాక అరగంట పడుకోకూడదు, ఇంకేమీ తినకూడదు, తాగకూడదు. నిటారుగా ఉండాలి.

అలా మా ఇంట్లో గురువారాలు మొదలయ్యాయి. పొద్దున ఆరింటికి కిటికీ ఊచ మీద టక్ టక్.

"రెండు వాటాల ప్రయాణికులకు విజ్ఞప్తి. మాత్రలు మింగు సమయమైనది. చెల్లెలు గారు ఎక్కడున్నా గ్లాసుతో సహా కిటికీ దగ్గరకు రావలెను."

అమ్మ మాట్లాడకుండా వచ్చేది. ఇద్దరూ కిటికీకి అటూ ఇటూ నిలబడి ఒకేసారి మింగేవారు. ఆ తర్వాత అరగంట పెద్దమ్మ వరండాలో పచార్లు చేస్తూ ఐదేసి నిమిషాలకు ఒక ప్రకటన. "ఇంకా ఇరవై నిమిషాలు. పెదనాన్నగారు టీ వాసన ఇటు రానీయకూడదని హెచ్చరిక." అమ్మ తన బల్ల దగ్గర నిలబడి గుడ్డలు కత్తిరించుకునేది. ఐదేళ్ళు. ఒక్క గురువారం తప్పలేదు. ఊళ్ళో వానొచ్చి బస్సులు ఆగిన రోజున కూడా మా మాత్రలు సమయానికే బయల్దేరాయి.

చివరి ఏడాదికి పెద్దమ్మకు ఇబ్బందులు మొదలయ్యాయి. గుండెల్లో మంట. వెన్నులో, భుజాల్లో, పిక్కల్లో తిరుగుడు నొప్పులు. డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేసి, ఎముకలు బాగా కుదుటపడ్డాయి, ఐదేళ్ళూ నిండాయి, ఇక ఇద్దరూ ఆపెయ్యండంది. పెద్దమ్మ సంతోషంతో బల్ల మీద కొట్టబోతే డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. మాత్రలు ఆపినా ఆ మందు ఎముకల్లో చాలాకాలం నిలవ ఉంటుంది. మీ నొప్పులు వెంటనే పోవు. నిదానంగా తగ్గుతాయి, ఓపిక పట్టాలి. ఇంకొకటి, ఇది ఇద్దరికీ చెబుతున్నా. తొడలో గాని గజ్జలో గాని నొప్పి వస్తే, అది ఎంత చిన్నదైనా, నాకు వెంటనే చెప్పాలి. చాలా అరుదు, కానీ ఈ మందు ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో కొందరికి తొడ ఎముకలో వెంట్రుకంత బీట పడుతుంది. ముందే పట్టుకుంటే బతికిపోతాం. వదిలేస్తే ఒకరోజు నడుస్తూ నడుస్తూనే ఎముక విరుగుతుంది. అర్థమైందా?"

"ప్రకటిస్తాం డాక్టరమ్మా!" అంది పెద్దమ్మ.

"నాకేం లేదు," అంది అమ్మ. ఎవరూ ఏమీ అడగకముందే.

ఆ మర్నాటి నుంచి పెద్దమ్మ వరండా బస్‌స్టేషనైపోయింది. గోడకు ఒక నల్లబల్ల వేలాడదీసి, ఏ నొప్పి ఎప్పుడు వస్తుందో, ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ దిగుతుందో సుద్దముక్కతో రాసింది. వెన్ను నొప్పి ఎక్స్‌ప్రెస్సు, ఎక్కడా ఆగదు. భుజం నొప్పి పల్లెవెలుగు మాదిరి ప్రతి వేలి దగ్గరా ఆగుతుంది. గుండెల్లో మంట అదనపు సర్వీసు, పెదనాన్న వంటలో కారం ఎక్కువైన రోజున మాత్రమే నడుస్తుంది. వేడినీళ్ళ సంచీకి డిపో అని పేరు. వ్యాయామం నేర్పడానికి వచ్చిన అమ్మాయి ఆ బల్ల చూసి, "అమ్మా, నా దగ్గరకొచ్చేవాళ్ళంతా నొప్పెక్కడంటే అంతా నొప్పే అంటారు, మీలాగా రూటు చెప్పినవాళ్ళు లేరు" అని ఫొటో తీసుకుపోయింది.

ఇంత నొప్పిలోనూ ఆవిడ ఉత్సాహం చూడాలి! తలవైపు దిండు ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, కొద్దికొద్దిగా తినడం, తిన్నాక వీధి చివరిదాకా నడవడం, అన్నీ పండగలా చేసేది. షాపులో నేను ఒక పెద్దాయనకు అక్షరాలు చదివిస్తుంటే ఫోను మోగేది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! నిన్న పదకొండింటికి రావలసిన పిక్క నొప్పి ఇంతవరకు రాలేదు! సర్వీసు రద్దయినట్టుందే! కేకెయ్యి!"

"పెద్దమ్మా, షాపులో జనం ఉన్నారు."

"వాళ్ళనీ కేకెయ్యమను!"

ఒకసారి మందుల షాపులో వరుసలో నిలబడి, అక్కడి గాజుబల్ల మీద టక్ టక్ మనిపించి, గుండెల్లో మంట గురించి ప్రకటించింది. నేను సిగ్గుతో పళ్ళపొడుల వైపు తిరిగి నిలబడ్డాను. వెనక నిలబడ్డ ఒకావిడ మెల్లిగా ముందుకొచ్చి, "నాకూ అంతేనండీ. ఇంట్లో చెప్పుకోలేక చస్తున్నా" అంది. పెద్దమ్మ వెంటనే ఆవిడను బెంచీ మీద కూర్చోబెట్టి అరగంట మాట్లాడింది. మా వరుస పోయింది. ఇంటికొస్తూ నేను సణిగాను.

"ఊళ్ళో వాళ్ళ నొప్పులన్నీ నీకెందుకు పెద్దమ్మా?"

"స్టేషన్‌లో ఒకడు లేచి ఈ బస్సు ఎక్కడికని అడిగితే, అడగలేక కూర్చున్న పదిమందికీ తెలుస్తుందే," అంది. నాకు అప్పుడు ఎక్కలేదు.

ఇక అసలు బస్సు దగ్గరికొస్తాను. మాత్రలు ఆపిన ఐదో నెలలో నల్లబల్ల మీద కొత్త సర్వీసు చేరింది. ఒకరోజు పొద్దున్నే కిటికీ ఊచ మీద, మామూలుకన్నా గట్టిగా, టక్ టక్.

"ప్రయాణికులకు ముఖ్య విజ్ఞప్తి. తుంటి నుండి కుడి తొడ మీదుగా మోకాలు వెళ్ళు నొప్పి, తొడ బయటివైపు ఐదవ నంబరు ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్నది. ఇది మెట్లెక్కునప్పుడు, కుర్చీలోంచి లేచునప్పుడు బయలుదేరును."

ఇవతల అమ్మ మిషను టకటకా నడుస్తున్నది ఠక్కున ఆగింది. నేను కూడా ఆగాను. తొడ! డాక్టరమ్మ చెప్పిన తొడ! షాపు తెరవకుండా పెద్దమ్మను ఆటోలో వేసుకుని పరుగు. ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, కాలు పట్టుకుని వంచి, తొడ మీద గట్టిగా నొక్కింది.

"నొప్పుందా?"

"ఉన్నట్టే ఉంది," అంది పెద్దమ్మ ఎటో చూస్తూ.

"ఎముక శుభ్రంగా ఉందమ్మా. ఏమీ లేదు."

హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు పొద్దున కిటికీ దగ్గర మళ్ళీ అదే ప్రకటన. ఆ మర్నాడూ అదే. మిగతా నొప్పులన్నీ ఒక్కొక్కటే బల్ల మీంచి చెరిగిపోతున్నాయి, ఈ కుడి తొడ మాత్రం రోజూ సమయానికి హాజరు. పైగా ప్రకటన అయ్యాక ఒక కొత్త వాక్యం. "ఇదే మార్గంలో ప్రయాణించు వారు ఇంకెవరైనా ఉన్నచో దయచేసి తెలుపగలరు." అలా ప్రకటించి, కిటికీ దగ్గర చెవి పెట్టి నిలబడేది. అమ్మ మిషను ఆగేది. కాసేపటికి మళ్ళీ నడిచేది. అమ్మ నోరు మాత్రం నడిచేది కాదు.

"అక్కకు చిన్నప్పట్నుంచీ అంతే," అంది ఒకరోజు చిరాగ్గా. అమ్మకు చిరాకు రావడమే ఒక వింత.

మూడు నెలల్లో రెండుసార్లు ఎక్స్‌రే అయింది. రెండోసారి కూడా శుభ్రమే. నాకు ఒళ్ళు మండింది. వరండాలోకి వెళ్ళి కడిగేశాను.

"పెద్దమ్మా, నీకు ప్రకటించడం సరదా అయితే బస్సుల పేర్లు చదువుకో. లేని తొడ నొప్పితో మమ్మల్ని పరుగులు పెట్టించకు. అమ్మను చూడు, అదే మాత్ర, అదే ఐదేళ్ళు. నోరెత్తి ఒక్క మాట అందా? నేర్చుకో!"

పెద్దమ్మ నా వైపు చాలాసేపు చూసింది. ఆవిడ దేన్నయినా ప్రకటించకుండా చూడడం నేను అదే మొదటిసారి చూశాను.

"మీ అమ్మ దగ్గర నేర్చుకోమంటావా?" అంది.

"ఆ! నేర్చుకో!"

"సరే," అని సుద్దముక్క కింద పెట్టేసింది. రెండు రోజులు వరండాలో నిశ్శబ్దం. పెదనాన్న గాభరాపడి చెవుల్లో దూది తీసేసి, ఆవిడ చుట్టూ తిరుగుతూ ఆరోగ్యం బాగుందా అని అడిగాడు.

మూడో రోజు పొద్దున ఇంటిముందు స్టేషన్ మేనేజరు దిగాడు. పాత బస్‌స్టేషన్ మూసేస్తున్నారట. కొత్త స్టేషన్‌లో రికార్డు చేసిన గొంతే వినబడుతుందట. పాత స్టేషన్ ఆఖరి రోజున, ఆఖరి గంట, పాత మైకులో ప్రకటనలు చెయ్యాలని మైకమ్మను పిలవడానికొచ్చాడు.

"అమ్మా, మీ గొంతుతోనే మూసేద్దామని మా అందరి కోరిక. మీ ఆరోగ్యం..."

టక్ టక్. ఈసారి మేనేజరు టోపీ మీద.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! పాత మైకు నుండి నా గొంతు మీదుగా ఆఖరి గంట వెళ్ళు బస్సు సిద్ధంగా ఉన్నది!"

ఇక చూడండి మా ఇంట్లో హడావుడి! గంటసేపు కూర్చోగలదా లేదా అని గడియారం పెట్టుకుని సాధన. గుండెల్లో మంట రాకుండా మూడు రోజులు పెదనాన్న కారం డబ్బాకు తాళం వేశాడు. వ్యాయామం అమ్మాయి నడుముకు మెత్తటి దిండు ఇచ్చింది. ఆఖరికి అమ్మ కూడా, ఏమీ అనకుండానే, ఆ దిండుకు నీలం రంగు గలేబు కుట్టి తెచ్చి పెట్టింది. పెద్దమ్మ ఆ గలేబు అంచు వేలితో తడిమి చూసింది. కుట్టు రెండుచోట్ల వంకర పోయింది. అమ్మ కుట్టు వంకర పోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు కళ్ళతో చూశాను గాని, దాని అర్థం చూడలేదు. కళ్ళద్దాలు అమ్ముతానని చెప్పాను కదా.

ఆ రోజు సాయంత్రం స్టేషనంతా జనం. మేం నలుగురం వెళ్ళాం. మైకు గది మేడమీద ఉంటుంది, తొమ్మిది మెట్లు. మెట్ల దగ్గర అమ్మ ఆగిపోయింది.

"మీరెళ్ళండి. నేనిక్కడే బెంచీ మీద కూర్చుంటా."

"రావే, గదిలోంచి అన్నీ కనబడతాయి," అంది పెద్దమ్మ.

"ఇక్కడా కనబడతాయి."

"మెట్లెక్కడానికి ఏమన్నా ఇబ్బందా?"

"నాకేం లేదు. ఊరికే."

రెండు మాటలూ ఒకేసారి వాడేసింది. పెద్దమ్మ పెదనాన్నను అమ్మ పక్కన కూర్చోబెట్టి, దిండు నా చేతికిచ్చి, మెట్టుకొక ప్రకటన చేస్తూ పైకెక్కింది.

ఆ గదికి పెద్ద అద్దం, కింద ఐదు ప్లాట్‌ఫారాలూ కనబడతాయి. పెద్దమ్మ పాత కుర్చీలో దిండు సర్దుకుని, మైకు మీద అసలు సిసలు టక్ టక్ కొట్టేసరికి కింద జనమంతా చప్పట్లు. ఆ గంట ఆవిడను చూసి తీరాలి! బస్సు ఇంకా మలుపు తిరగకముందే, ఇంజను మోత విని ఏ బస్సో చెప్పేస్తోంది. "ఇప్పుడు లోపలికి వచ్చుచున్న బస్సు డ్రైవరుగారికి విజ్ఞప్తి, మీ ఎడమ వెనక చక్రం ఏడుస్తున్నది, చూపించుకోగలరు." డ్రైవరు దిగి చూసుకుంటే నిజమే. జనం ఈలలు. నలభై నిమిషాలైనా ఆవిడ వెన్ను వంగలేదు.

ఇంకా పది నిమిషాలుందనగా ఆవిడ గొంతు సవరించుకుంది. నా వైపు ఒకసారి చూసింది. మైకు మీద టక్ టక్.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. దొరికిన వస్తువుల గురించిన ప్రకటన."

నేను బల్ల మీద చూశాను. దొరికిన గొడుగులు గాని సంచీలు గాని ఏమీ లేవు.

"తుంటి నుండి కుడి తొడ మీదుగా మోకాలు వెళ్ళు నొప్పి ఒకటి, గత మూడు నెలలుగా సొంతదారు లేకుండా తిరుగుచున్నది. దానిని ఇంతకాలము నేను నా వద్ద భద్రపరిచితిని. ఈ రోజుతో స్టేషన్ మూసివేయుచున్నందున ఇక ఉంచుకొనుటకు వీలు లేదు. సొంతదారు భయపడవలసిన పని లేదు. ఎవరూ ఏమీ అనరు. దయచేసి విచారణ కిటికీ వద్దకు వచ్చి, ఆనవాళ్ళు చెప్పి, తమ నొప్పిని తాము తీసుకువెళ్ళగలరు."

కింద జనం పకపకా నవ్వారు. మైకమ్మ ఆఖరి జోకు అనుకున్నారు. నేనూ నవ్వబోయాను. అప్పుడు ఐదో ప్లాట్‌ఫారం బెంచీ మీంచి ఎవరో లేచారు. రెండు చేతులూ బెంచీ మీద ఆనించి, కుడి కాలు ముందుకు చాపుకుని, మెల్లిగా. అడుగులో అడుగు వేస్తూ, ప్రతి రెండో అడుగుకూ కొంచెం ఒరుగుతూ, విచారణ కిటికీ వైపు.

మా అమ్మ.

తొమ్మిది మెట్లూ ఎలా దిగానో నాకు తెలియదు. నేను చేరేసరికి విచారణ గుమస్తా, పాపం ముప్ఫై ఏళ్ళ అలవాటు, దొరికిన వస్తువుల రిజిస్టరు తెరిచి కలం పట్టుకుని ఉన్నాడు.

"వస్తువేమిటమ్మా?"

"నొప్పి," అంది అమ్మ. "నాదే."

"ఆనవాళ్ళు చెప్పండి."

అమ్మ కిటికీ ఊచ పట్టుకుంది.

"కుడి తొడ, బయటివైపు, మధ్యలో. మెట్టెక్కితే పొడుస్తుంది. కుర్చీలోంచి లేస్తే ఇంకా ఎక్కువ. మూడు నెలలైంది. మిషను ఎడమ కాలుతోనే తొక్కుతున్నా. భయమేసి చెప్పలేదు. చెబితే కాలు తీసేస్తారేమోనని, మిషను మానమంటారేమోనని..."

అమ్మ నా పుట్టుక నుంచి అప్పటిదాకా ఒక్కసారిగా మాట్లాడిన మాటలన్నిటికన్నా అవి ఎక్కువ. గుమస్తా ఒక్కటీ వదలకుండా రాసుకున్నాడు. రాసి, రిజిస్టరు తిప్పి పెట్టాడు.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా. వస్తువు ముట్టినట్టు."

అమ్మ సంతకం పెట్టింది. మేడమీద మైకులో ఒక క్షణం ఏమీ వినబడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ మైకు దగ్గర అంత ఖాళీ ఎన్నడూ లేదట, తర్వాత పెదనాన్న చెప్పాడు. ఆపైన ఆవిడ గొంతు వచ్చింది, కొంచెం బొంగురుగా.

"దొరికిన వస్తువు సొంతదారుకు చేరినది. ఐదవ నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న ఆఖరి బస్సు ఇప్పుడు బయలుదేరును. అందరూ క్షేమంగా ఇళ్ళు చేరగలరు. సెలవు."

జనం ఇంకా చప్పట్లు కొడుతుండగానే మేం ఆస్పత్రికి బయల్దేరాం. అమ్మ తొడ ఎముక మీద బయటివైపు, డాక్టరమ్మ చెప్పినట్టే, వెంట్రుకంత గీత కనబడింది.

"ఎముక ఇంకా విరగలేదు," అంది డాక్టరమ్మ. "ఇంకొంతకాలం ఇలాగే తొక్కుతూ నడుస్తూ ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కాలు ఎవరూ తియ్యరమ్మా! బరువు మొయ్యకుండా చంకకర్రలతో కొన్ని నెలలు. మధ్యమధ్యలో ఫొటో తీసి చూద్దాం, అవసరమైతే లోపల ఒక కడ్డీ వేద్దాం. మళ్ళీ మిషను తొక్కుతారు. ఎవరు చెప్పారు మీకు, కాలు తీస్తారని?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నా," అంది అమ్మ.

బయట బెంచీ మీద నేను పెద్దమ్మ పక్కన కూలబడ్డాను.

"అంటే నీకు ఆ తొడ నొప్పి..."

"నాకెందుకుంటుందే? నా తొడ బంగారం. రెండు ఫొటోలు తీయించావు కదా, చూసుకో."

"మరి నీకెలా తెలిసింది?"

"మిషను మోత మారింది. రెండు కాళ్ళ మోత వేరు, ఒంటికాలి మోత వేరు. మలుపులో ఉన్న బస్సు టైరు గురించి చెప్పేదాన్ని, గోడ అవతల చెల్లెలి కాలు గురించి నాకు తెలియదా?"

"నాతో చెప్పొచ్చు కదా పెద్దమ్మా!"

"నీతో చెబితే నువ్వు దాన్ని అడుగుతావు. అది నాకేం లేదంటుంది. నువ్వు నమ్ముతావు. నేను అడిగితే మొదటిరోజే కిటికీ తలుపు వేసుకుంది, నీకు తెలుసా? అందుకని నాకు ఉన్నట్టు చెప్పాను. పక్కవాళ్ళకు ఉందంటే 'నాకూ' అనడం తేలిక. రేపంటుంది, ఎల్లుండంటుంది అని మూడు నెలలు మోశానే దాని నొప్పి. ఎంత బరువో! నువ్వొచ్చి దాని దగ్గర నేర్చుకోమన్నావు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆస్పత్రి అద్దంలో కళ్ళద్దాల షాపు యజమాని ముఖం కనబడుతోంది, అటు చూడలేదు.

"తిట్టావుగా," అంది పెద్దమ్మ, "అందుకు శిక్షగా నెలరోజులు నా ఫోను మొదటి గంటకే ఎత్తాలి."

ఇప్పుడు రెండు వాటాల మధ్యా కిటికీ తలుపు తీసే ఉంటుంది. అమ్మ చంకకర్రలు గోడకు ఆనించుకుని కుర్చీలో కూర్చుంటుంది. మిషనుకు మేం చిన్న మోటారు పెట్టించాం, కాలుతో పని లేదు. పెద్దమ్మ నల్లబల్ల మీద భుజం నొప్పి ఒక్కటే మిగిలింది, అదీ వారానికి రెండు రోజులే నడుస్తోంది. ఆ రద్దులన్నిటికీ ఆవిడ ఫోనులో కేకలు వేయించింది. షాపులో జనానికి అలవాటైపోయి వాళ్ళూ వేస్తున్నారు.

నిన్న పొద్దున నేను షాపుకు బయల్దేరుతుంటే గాజు గ్లాసు మీద టక్ టక్ మని చప్పుడు వినబడింది. పెద్దమ్మ కాబోలు అనుకున్నాను. కానీ చప్పుడు మా వాటాలోంచి వచ్చింది. అమ్మ ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని, ముఖం ఎర్రగా చేసుకుని, కిటికీ వైపు చూస్తోంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అంది, పక్కనున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినబడనంత చిన్నగా. "కర్రల వల్ల... చంకల్లో కొంచెం నొప్పిగా ఉన్నది."

కిటికీ అవతల కుర్చీ కిర్రుమంది. పెదనాన్న రెండు చెవుల్లోంచీ దూది తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వినబడలేదు!" అంది పెద్దమ్మ గొంతు. "విజ్ఞప్తి అన్నాక ఊపిరి తీసుకోవాలే పిచ్చిదానా! మళ్ళీ చెప్పు, గట్టిగా!"